బాలింత తలనొప్పిని గాలి అనుకోవద్దు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. కాన్పై 9 రోజులైంది. నిన్నటి నుంచి తల పగిలిపోతోంది, కళ్లు మసకబారుతున్నాయి. గాలి తగిలిందని అమ్మ చెవుల్లో దూది పెట్టింది. కడుపుతో ఉన్నప్పుడు బీపీ లేదు డాక్టరమ్మా. భయపడాలా?

జవాబు: తల్లీ, ఉత్తరం చూడగానే ఫోన్ చేసి నిన్ను ఆసుపత్రికి పొమ్మన్నాను. మిగతా బాలింతల కోసం ఇక్కడా రాస్తున్నాను. అప్పుడు లేని బీపీ కాన్పయ్యాక 6 వారాల లోపు ఎప్పుడైనా రావచ్చు. 160/110కి చేరితే ఫిట్స్, పక్షవాతం దాకా పోతుంది. దూది ఉండనీ, అమ్మ ప్రేమను కాదనను. ముందు మాత్రం బీపీ చూపించాలి. పై కడుపులో నొప్పి, ఆయాసం ఉన్నా అంతే. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి, కాన్పై ఎన్ని రోజులైందో మొదటే చెప్పండి. పాలిచ్చే తల్లులకు సరిపడే బీపీ మాత్రలున్నాయి, బిడ్డకు పాలు మాన్పించకండి.