క్రషర్ పని, సిలికోసిస్: యజమాని కాదంటే ఏం చేయాలి

తమ్ముడూ, నాన్నగారు పదకొండేళ్లు స్టోన్ క్రషర్‌లో చేసినా, సిలికోసిస్ అనే ఆ ఊపిరితిత్తుల జబ్బు బీడీల వల్లే అని యజమాని తోసేస్తున్నాడని రాశావు. బీడీతో సిలికోసిస్ రాదు, రాయి, ఇసుక లాంటి వాటిలోని సిలికా ధూళి పీలిస్తేనే వస్తుంది. పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలోనే ఇది ఉంది: 2025 నవంబరు దాకా 1923 పరిహార చట్టం మూడో షెడ్యూల్లో, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్ మూడో షెడ్యూల్లో. నిర్ణీత కాలం ఆ పనిలో ఉన్నట్టు తేలితే, పని వల్ల రాలేదని నిరూపించుకోవాల్సింది యజమానే! కాబట్టి నీ బలమంతా పనిచేసిన కాలం చూపడం మీదే పెట్టు. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, పేరు లేదని దిగులుపడకు; పీఎఫ్ పాస్‌బుక్, బ్యాంకులో పడ్డ కూలి, తోటి కూలీల అఫిడవిట్లు పనికొస్తాయి.

పాత ఆసుపత్రి చీటీల్లో టీబీ అని ఉంటే, ఇది సిలికోసిస్ కాదనడానికి యజమాని దాన్నే పట్టుకుంటాడు. ఛాతీ డాక్టరు దగ్గర కొత్త ఎక్స్‌రే, కఫం పరీక్ష చేయించి, ధూళిలో ఎన్నేళ్లు పనిచేశారో రిపోర్టులో రాయించు. నాన్నగారికి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉంటే పరిహారం క్లెయిము అక్కడే, లేకపోతే కార్మిక శాఖలో. గడువుంటుంది, ఈ వారమే కదులు.