ఫైలు అక్కడే ఉన్నా 'నో సచ్ ఫైల్' అంటోందంటే, ఆ లైను చివరిదాకా చదవండి

సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశాక అపాచీ వెబ్ సర్వర్ స్టార్ట్ కావడం లేదని, దాని మాడ్యూల్ (సర్వర్‌కు అదనపు పనులు జోడించే భాగం) ఫైలు ఫోల్డర్‌లోనే ఉన్నా 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంటోందని రాశారు. నాకూ అచ్చం ఇదే జరిగింది. ఫైలు కళ్లెదుటే ఉంటే లేదంటుందేమిటని ప్యాకేజీని మూడుసార్లు తీసేసి మళ్లీ వేశాను, పర్మిషన్లు మార్చాను, రాత్రి రెండయినా సైటు లేవలేదు, టెన్షన్ అంతా ఇంతా కాదు.

నేను ఆ ఎర్రర్‌ను సగమే చదివాను. 'ఇన్‌టు సర్వర్' అన్న మాట తర్వాత కోలన్ పెట్టి ఇంకో ఫైలు పేరు ఉంటుంది. దొరకనిది అదే! మాడ్యూల్ ఉంది, దానికి కావలసిన లైబ్రరీ (అది వాడుకునే ఉమ్మడి కోడ్ ఫైలు) పాత వెర్షన్ అప్‌గ్రేడ్‌లో పోయింది. ఏయే లైబ్రరీలు కావాలో చూపించే 'ఎల్‌డీడీ' కమాండ్‌కు మాడ్యూల్ ఫైలు పూర్తి పాత్ ఇచ్చి చూడండి, ఏ లైబ్రరీ పక్కన 'నాట్ ఫౌండ్' వస్తే అది ఉన్న ప్యాకేజీ వేయాలి. కొత్త వెర్షన్‌కు పాత పేరుతో లింక్ మాత్రం దయచేసి పెట్టకండి, ఒకవేళ సర్వర్ లేచినా తర్వాత ఎప్పుడు క్రాష్ అవుతుందో చెప్పలేం.

కోలన్ తర్వాత కూడా మాడ్యూల్ పేరే ఉండి, ఆ ఫైలు నిజంగానే లేకపోతే పని తేలిక. ఉబుంటు 20.04 నుంచి 22.04కి వెళ్తే పీహెచ్‌పీ 7.4 పోయి 8.1 వస్తుంది, కానీ అపాచీ లోడ్ చేసే మాడ్యూళ్ల లింకులుండే మాడ్స్-ఎనేబుల్డ్ ఫోల్డర్‌లో పాత లింక్ మిగిలిపోవచ్చు. 'ఏ2డిస్‌మాడ్'తో పాతది తీసి 'ఏ2ఎన్‌మాడ్'తో కొత్తది పెట్టండి.

'అన్‌డిఫైన్డ్ సింబల్' అని వస్తే చాలావరకు వెర్షన్లు కలవకపోవడమే, సొంతంగా కంపైల్ చేసిన మాడ్యూల్ అయితే ఇప్పుడున్న అపాచీ మీద మళ్లీ కంపైల్ చేయాల్సిందే.

రూట్‌గా నడిపినా 'పర్మిషన్ డినైడ్' అంటే, రెడ్ హ్యాట్ తరహా సిస్టమ్స్‌లో ముందు ఎస్‌ఈలినక్స్‌ను (ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలు తెరవచ్చో లేబుళ్లను బట్టి నియంత్రించే రక్షణ వ్యవస్థ) అనుమానించండి. హోమ్ ఫోల్డర్‌లో ఉన్న ఫైలును 'ఎంవీ'తో తరలిస్తే పాత లేబుల్ దానితోనే వచ్చేస్తుంది. ఆ ఫైలు మీద, సరైన లేబుల్ పెట్టే 'రీస్టోర్‌కాన్' కమాండ్ నడిపితే చాలు, చాలామంది చెప్పినట్టు ఎస్‌ఈలినక్స్ మొత్తాన్ని ఆపేయకండి, ఒక్క ఫైలు కోసం సర్వర్‌కున్న రక్షణ తీసేయడం నాకు అస్సలు నచ్చదు.

ఏం మార్చినా సెట్టింగులను పరీక్షించే 'అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్' నడిపి, 'సింటాక్స్ ఓకే' వచ్చాకే స్టార్ట్ చేయండి. అప్పటికీ తేలకపోతే ఎర్రర్ లైను మొత్తం, ఎల్‌డీడీ చూపించింది ఇక్కడ పెట్టండి, చూస్తాను.