‘ద న్యూస్‌రూమ్’ సిరీస్‌లో చూపించినట్టే మన న్యూస్ చానెళ్లలో పని జరుగుతుందా?

ఒక అమెరికన్ న్యూస్ చానెల్ కథ అయిన ఈ సిరీస్ చూసి డెస్క్ (వార్తలు రాసి, దిద్ది, ప్రసారానికి సిద్ధం చేసే విభాగం) ఉద్యోగం మీద మోజు పుట్టిందని, జర్నలిజం కోర్సులో చేరబోతున్నానని ప్రశ్నలో రాశారు. హైదరాబాద్‌లో ఒక తెలుగు న్యూస్ చానెల్ డెస్క్‌లో చాలాకాలం పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

హడావుడి నిజమే, మాటలే నిజం కాదు. బ్రేకింగ్ నడుస్తుంటే మా పీసీఆర్‌లో, అంటే ప్రసారాన్ని నడిపే కంట్రోల్ రూమ్‌లో, అంత పొడుగు డైలాగులు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. “ఫోనో రెడీనా?”, “ప్లేట్ మార్చు”, “యాంకర్‌ని ఇంకాస్త లాగమను”. అంతే. (ఫోనో అంటే లైవ్‌లో ఫోన్ మీద మాట్లాడించడం, ప్లేట్ అంటే తెర మీద కనిపించే అక్షరాల పట్టీ.) మధ్యలో కొన్ని బూతులు కూడా ఉంటాయి, అవి ఇక్కడ వద్దులెండి.

ఏరన్ సోర్కిన్ సృష్టించిన ఈ సిరీస్ హెచ్‌బీవోలో 2012 నుంచి 2014 దాకా మూడు సీజన్లు వచ్చింది. చానెల్ కల్పితం, అందులో చదివే వార్తలు మాత్రం చాలావరకు నిజంగా జరిగినవి. మొదటి ఎపిసోడ్‌లో 2010 ఏప్రిల్ నాటి గల్ఫ్ ఆఫ్ మెక్సికో చమురు రిగ్గు పేలుడు ఉంటుంది. జిమ్ అనే కుర్ర ప్రొడ్యూసర్‌కి ఆ రిగ్గు నడిపించిన చమురు కంపెనీ బీపీలో పాత రూమ్మేట్, అక్కడ పనిచేసిన కాంట్రాక్టు సంస్థ హాలిబర్టన్‌లో సోదరి! ఇద్దరూ ఆ సాయంత్రమే గుట్టు విప్పేస్తారు. అంత అదృష్టవంతుణ్ణి నేనింతవరకూ చూడలేదు. జరిగిన రెండేళ్లకు కూర్చుని రాసే రచయితకు ఏది పెద్ద వార్తో, ఎవరి మాట నమ్మాలో ముందే తెలుసు. లైవ్‌లో ఉన్నవాడికి ఆ సుఖం ఎక్కడిది?

కానీ నాలుగో ఎపిసోడ్ చివరి భాగం దగ్గర మాత్రం నేను నోరెత్తను. 2011 జనవరి 8న అమెరికాలోని టూసాన్‌లో గాబ్రియెల్ గిఫర్డ్స్ అనే కాంగ్రెస్ సభ్యురాలిపై కాల్పులు జరిగాయి. ఆమె చనిపోయారని ఎన్‌పీఆర్ అనే అమెరికన్ రేడియో చెప్పింది, సీఎన్ఎన్‌తో సహా మిగతావాళ్లూ అదే ఎత్తుకున్నారు. సిరీస్‌లో యజమాని కొడుకు పరుగెత్తుకొచ్చి మనమూ చెప్పేయాలంటాడు. చనిపోయారని చెప్పాల్సింది డాక్టరు, వార్త కాదు అంటాడు డాన్ అనే ప్రొడ్యూసర్. ఆవిడ నిజంగానే బతికారు.

అది చూస్తుంటే నాకు 2009 సెప్టెంబర్ 2 గుర్తొచ్చింది. చిత్తూరు జిల్లాలో రచ్చబండకు బయల్దేరిన ముఖ్యమంత్రి వైఎస్ హెలికాప్టర్‌తో పొద్దున్నే సంబంధాలు తెగిపోయాయి. నల్లమలలో వాన. అడవి లోపలి నుంచి ఒక్క విజువల్ లేదు. ఉన్న ఫైల్ షాట్లనే తిప్పి తిప్పి వేశాం. రాత్రయ్యేసరికి ఒక ఎడిట్ బే తలుపు మూసేశారు. లోపల ఆయన మీద ప్రొఫైల్ స్టోరీ కట్ అవుతోందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. వాయిస్ ఓవర్ చెప్పే అమ్మాయి స్క్రిప్ట్ చూసి, ఏమీ అడక్కుండా చదివేసి వెళ్లిపోయింది. పక్క చానెల్ ఏం వేస్తోందా అని మా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ మానిటర్ల గోడ ముందు నిలబడే ఉన్నాడు, చేతిలో టీ చల్లారిపోయింది. మర్నాడు పొద్దున పావురాలగుట్ట దగ్గర శకలాలు దొరికాయి. అధికారికంగా చెప్పేదాకా ఆ స్టోరీని సర్వర్‌లోంచి కదపలేదు. ఆ టెన్షన్‌ని ఆ ఎపిసోడ్ సరిగ్గా పట్టుకుంది.

సిరీస్‌లో బొత్తిగా కనపడనివాడు మన స్ట్రింగర్. మండల కేంద్రంలో బైక్ మీద తిరుగుతూ, బండికి పెట్రోల్ సొంత డబ్బుతో కొట్టించుకుని, విజువల్‌కి ఇంతని వచ్చే డబ్బు కోసం నెలల తరబడి ఎదురుచూసేవాడు. తెలుగు చానెల్‌కి సగం వార్తలు అతని ఫోన్ నుంచే వస్తాయి. విల్ మెకవాయ్ లాంటి యాంకర్, తానే మేనేజింగ్ ఎడిటర్‌గా ఉండి ఏ వార్త వెళ్లాలో తేల్చేవాడు, మన దగ్గర బహు అరుదు. మన యాంకర్లలో చాలామందికి ప్రాంప్టర్‌లో వచ్చిందే వేదం. రన్‌డౌన్ (ఏ వార్త తర్వాత ఏది వెళ్లాలన్న జాబితా) అవుట్‌పుట్ వాళ్ల, అంటే ప్రసారం చూసే డెస్క్ వాళ్ల చేతిలో ఉంటుంది, వాళ్ల కళ్లేమో గురువారం వచ్చే రేటింగ్ మీద ఉంటాయి.

రెండో సీజన్‌లో ఒక తప్పుడు కథనం వేసి వెనక్కి తీసుకుంటారు. 1998లో సీఎన్ఎన్, అమెరికా సైన్యం లావోస్‌లో విషవాయువు వాడిందని వేసిన ‘ఆపరేషన్ టెయిల్‌విండ్’ కథనాన్ని ఉపసంహరించుకున్న ఉదంతమే దానికి మూలం. అందులో పెద్దలంతా రాజీనామాకు సిద్ధపడతారు. నేను చూసిందైతే తప్పు తేలగానే స్క్రోల్‌లోంచి, అంటే తెర కింద పరుగెత్తే వార్తల పట్టీలోంచి, ఆ లైను తీసేయడమే. సవరణ వేద్దామన్నవాడిని వింతగా చూసేవారు.

మీరు కోర్సులో చేరేలోపు తెలుగు టైపింగ్ వేగం పెంచుకోండి. ఇంటర్న్‌గా వెళ్తే యాంకరింగ్ అడక్కండి, రాత్రి షిఫ్ట్‌లో స్క్రోల్ డెస్క్ అడగండి. జిల్లాల నుంచి ఫోన్లన్నీ అక్కడికే వస్తాయి. ఏ స్ట్రింగర్ మాట రూఢిగా ఉంటుందో, ఎవరిది ఇంకోచోట అడిగి వేయాలో కొన్నాళ్లకే పట్టు దొరుకుతుంది.