కూలంట్ కారుతోంది, వాటర్ పంపు మార్చాల్సిందేనా?

ఇంజిన్ కింద కూలంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మరకలు కనిపిస్తే, దాన్ని ఇంజిన్‌లో తిప్పే వాటర్ పంపు మార్చక తప్పదా అని అడిగారు. ముందు అది ఎక్కడి నుంచి కారుతోందో చూడండి. గొట్టం క్లిప్పు వదులైనా కారుతుంది.

పంపు బాడీకి అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగినప్పుడు కూలంట్ బేరింగులోకి పోకుండా బయటికి వచ్చేయడానికే దాన్ని పెడతారు. అక్కడి నుంచి ధారగా కారినా, రంగు చారలు మళ్లీ మళ్లీ కట్టినా పంపు మార్చాల్సిందే. దయచేసి ఆ రంధ్రాన్ని ఏ లప్పంతోనూ మూయకండి, బేరింగు కూడా పోతుంది. ఇంజిన్ ఆపి పంపు పుల్లీని (బెల్టు తిప్పే చక్రాన్ని) చేత్తో కదిపితే ఊగినా, నడుస్తుంటే గరగరమన్నా బేరింగు అరిగినట్టే.

సీలును తినేసే వాటిలో బోరు నీళ్లు ఒకటి. వాటిలోని లవణాలు లోపల గార కడతాయి. మాన్యువల్లో చెప్పిన కూలంటే పోయండి, గాఢమైన రకమైతే డిస్టిల్డ్ వాటర్ కలపండి, సాధారణంగా 50:50.

టైమింగ్ బెల్టుతో తిరిగే పంపైతే బెల్టుతోపాటే మార్పించండి, విప్పే కూలి ఒక్కసారే పడుతుంది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు వెళ్తే వెంటనే బండి ఆపండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు.