ఉప్పు మార్చారు సరే, పొటాషియం చూపించుకున్నారా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. బీపీకి టెల్మిసార్టాన్ 40 వాడుతున్నాను. రెండు నెలలుగా మామూలు ఉప్పు మానేసి నేను లో సోడియం సాల్ట్, ఇంట్లో మిగతావాళ్లు సైంధవ లవణం వాడుతున్నాం. బీపీ 130కి వచ్చింది కాబట్టి మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. కాళ్లలో నీరసంగా ఉంటోంది. కోడలికి ఐదో నెల. సైంధవం, నల్లుప్పు, కల్లుప్పు... వీటిలో ఏది మంచిది?

డాక్టర్ సలహా: ఏ ఉప్పు మంచిదో తర్వాత చెప్తాను, ముందు ఆ లో సోడియం సాల్ట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. పొటాషియం క్లోరైడ్ అని ఉంటుంది. సోడియం తగ్గించిన చోట కలిపేది దాన్నే. ఒంట్లో ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపాల్సింది కిడ్నీలు, పన్నెండేళ్ల షుగర్‌తో అవి కొంత దెబ్బతిని ఉండొచ్చు, పైగా టెల్మిసార్టాన్ కూడా పొటాషియాన్ని ఒంట్లోనే ఆపుతుంది. అది బాగా పెరిగితే కండరాలు నీరసపడతాయి, గుండె లయ తప్పుతుంది, కొందరిలో ముందుగా ఏ లక్షణమూ కనిపించదు. మీ నీరసం దీనివల్లేనని చూడకుండా చెప్పలేను, కానీ కిడ్నీల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్, దాంతో పాటు పొటాషియం రక్తపరీక్షలు రేపే చేయించండి. రిపోర్టు వచ్చేదాకా ఆ ఉప్పు ఆపండి, రోజూ కొబ్బరినీళ్లు తాగే అలవాటుంటే అదీ ఆపండి, వాటిలోనూ పొటాషియం ఎక్కువే. గుండె దడ, కళ్లు తిరగడం, ఆయాసం ఉంటే మాత్రం రిపోర్టు కోసం కూర్చోకుండా వెంటనే క్యాజువాలిటీకి వెళ్లండి.

ఆ ఉప్పు చెడ్డదని కాదు. సోడియం తగ్గించడానికి ఇలాంటి ఉప్పు వాడొచ్చని 2025 జనవరిలో డబ్ల్యూహెచ్ఓ కూడా చెప్పింది, కాకపోతే కిడ్నీ జబ్బున్నవాళ్లకి, గర్భిణులకి, పిల్లలకి ఆ సలహా వర్తించదు.

ఇక మాత్ర సంగతి. ఎవర్నడిగి రోజు విడిచి రోజు చేశారండీ? బీపీ 130కి రావడంలో ఆ మాత్ర పాత్ర కూడా ఉంది. ఓపీలో వారానికి ఇద్దరైనా ఇలాగే సొంతంగా తగ్గించేసుకుని, మూడు నెలలకి 180తో వస్తారు, కొందరు పక్షవాతంతో వస్తారు. పొటాషియం ఎక్కువుంటే డోసు తగ్గించాలో, మాత్రే మార్చాలో మీ డాక్టర్ చూసుకుంటారు, దయచేసి మీరు చూసుకోకండి.

సైంధవం, నల్లుప్పు, కల్లుప్పు అన్నీ ప్రధానంగా సోడియం క్లోరైడే. సైంధవానికి గులాబీ రంగు ఇనుము వల్ల, నల్లుప్పుకి ఆ వాసన గంధకం వల్ల వస్తాయి, బీపీకి దేనితోనూ ప్రత్యేకంగా లాభం లేదు. చినగంజాం ఉప్పు కొఠార్ల నుంచి వచ్చే కల్లుప్పు ఆవకాయకి బాగుంటుంది, కానీ గింజల మధ్య ఖాళీల వల్ల చెంచాకి తక్కువ తూగుతుంది, అది తక్కువ ఉప్పనుకుని ఇంకో చెంచా వేసేస్తారు. ఏదైనా సరే పచ్చళ్లు, అప్పడాలతో కలిపి రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటకూడదు.

కోడలికి మాత్రం సైంధవం వద్దు. అందులో అయొడిన్ దాదాపు ఉండదు, కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలకి అది తప్పనిసరి. నవ్వే సూర్యుడి గుర్తున్న అయొడైజ్డ్ ఉప్పు తెచ్చి, మూత బిగించి, పొయ్యికి దూరంగా పెట్టి, కూర దించే ముందు వేయమనండి. థైరాయిడ్ పరీక్ష అయిందో లేదో ఆమె డాక్టర్ని అడగండి. మీరు రిపోర్టులతో పాటు ఆ ఉప్పు ప్యాకెట్ కూడా మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.