ఆగస్టులోనే రమ్మను

బెల్వ్యూ,
2025 జులై 16

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గంటసేపు మాట్లాడితే అందులో ముప్పావు గంట బేస్‌బాల్ గురించే. "అక్కా, మనవాళ్ళు హ్యూస్టన్ కంటే ఐదు ఆటలు వెనకున్నారట. అయినా ఏదో వైల్డ్ కార్డు ఉందట, మొదటి స్థానం రాకపోయినా దాంతో ప్లేఆఫ్స్‌కి వెళ్ళొచ్చట, అక్టోబర్‌లో ఖాయంగా ఆడతారట. అందుకని మా విమానం టికెట్లు అక్టోబర్‌కి మార్చేస్తానంటోంది చిట్టి" అంది. తణుకులో కూర్చుని మీ అమ్మ మా సియాటిల్ జట్టు మారినర్స్‌ని "మనవాళ్ళు" అనడం విని నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ముప్పై ఏళ్ళుగా ఈ పిచ్చి మన ఇంట్లో నాదొక్కదానిదే అనుకున్నాను. మా పిల్లలకు కూడా అంటలేదు. నీకు అంటింది.

కానీ టికెట్లు మారుస్తావని విన్న దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇది రాస్తున్నాను. మెసేజ్‌లో అయితే నువ్వు సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టేస్తావు.

ముందు నువ్వు వేసిన లెక్క చూద్దాం. 96 ఆటలు అయ్యాయి, 51 గెలిచాం. మిగిలినవి 66. ఇవాళ్టికి మూడో వైల్డ్ కార్డు స్థానం మనదే. జులై మధ్యలో వచ్చే ఈ ఆల్‌స్టార్ సెలవులకి ముందు డెట్రాయిట్ వెళ్ళి మూడుకి మూడూ గెలిచి వచ్చారు. సగం సీజన్‌కే క్యాల్ రాలీ 38 హోమ్ రన్లు కొట్టాడు, అదీ బంతి పట్టే క్యాచర్‌గా రోజూ మోకాళ్ళ మీద కూర్చుని లేస్తూ. ఆశ పెట్టుకోవద్దని నేను అనను. నాకూ ఉంది.

అయితే మిగిలిన 66లో 37 గెలిస్తే మొత్తం 88 అవుతాయి. 2023లో సరిగ్గా 88 గెలిచాం, ఒక్క ఆట తేడాతో ఇంట్లో కూర్చున్నాం. పోయినేడాది నువ్వు ఇక్కడే ఉన్నావు కదా, జూన్ 18న పది ఆటలు ముందున్నాం. నెల తిరిగేసరికి ఆ పదీ మంచులా కరిగిపోయాయి, చివరికి మళ్ళీ ఒక్క ఆటే తేడా. దానికి వ్యతిరేకంగా 2022 జూన్‌లో 29 గెలుపులు, 39 ఓటములు. ఇంక ఈ ఏడాదికి ఇంతేనని మీ పెద్దనాన్న టీవీ కట్టేశారు. ఆ జట్టే జులైలో వరసగా 14 గెలిచి, 21 ఏళ్ళ తర్వాత ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. ఇన్ని చూశాక జులైలో పట్టిక చూసి అక్టోబర్ సంగతి చెప్పగలనని నేను ఎవరికీ మాట ఇవ్వను. నువ్వు మీ అమ్మకి ఇచ్చావు.

గెలుపుల వరస ఒక్కటే చూడకు, ఎన్ని పరుగులు చేశాం, ఎన్ని ఇచ్చాం అన్నది కూడా చూడు. 2021లో 90 ఆటలు గెలిచాం కానీ ఇచ్చిన పరుగులు చేసినవాటికంటే 51 ఎక్కువ. గెలిచినవి బొటాబొటిగా గెలిచి, ఓడినవి చిత్తుగా ఓడాం. చివరి రోజు దాకా ఆశ లాక్కొచ్చి, ఆ రోజే తెగిపోయింది.

హ్యూస్టన్ ఆటలు మాత్రం ఒక్కటి కూడా వదలకు. ఇప్పుడు సమానంగా నిలిస్తే పాతరోజుల్లోలా విడిగా ఒక ఆట పెట్టరు. మొదట ఇద్దరి మధ్య ఆటల్లో ఎవరు ఎక్కువ గెలిచారో చూస్తారు. ఎల్లుండి శుక్రవారం వాళ్ళు ఇక్కడికి వస్తున్నారు. సెప్టెంబర్ 19 నుంచి మనం వాళ్ళ ఊరు వెళ్తాం.

31వ తారీకు ఆటగాళ్ళ మార్పిడికి ఆఖరి రోజు. ఆ వారం ఫోన్ పట్టుకుని రాత్రంతా కూర్చోకు. 2021లో హ్యూస్టన్ మీద ఏడు పరుగులు వెనకబడి కూడా గెలిచిన మర్నాడే మన పిచ్చర్, అదే బంతి వేసే గ్రేవ్‌మన్‌ని ఆ హ్యూస్టన్‌కే ఇచ్చేశారు. ఆ రోజు నేను అన్నం తినలేదు. బదులుగా వచ్చిన టోరో నెల దాటగానే అదే గ్రేవ్‌మన్ బంతికి, ఒక్క దెబ్బకి నాలుగు పరుగులొచ్చే గ్రాండ్ స్లామ్ కొట్టి ఆట గెలిపించాడు. అందుకని ఆ రోజు ఎవరిని ఇచ్చినా, ఎవరిని తెచ్చినా నెల్లాళ్ళు ఆగి మాట్లాడు.

నువ్వు ఇంకోటి సరిగ్గా చూసుకోలేదనిపిస్తోంది. మూడో వైల్డ్ కార్డుతో లోపలికి వెళ్తే మొదటి రౌండులో మూడు ఆటలూ అవతలివాళ్ళ ఊళ్ళోనే. అక్కడ ఓడితే సియాటిల్‌లో ఒక్క ఆట కూడా ఉండదు. 2022లో టొరంటోలో గెలిచి, తర్వాత హ్యూస్టన్‌లో రెండు ఓడి ఇంటికొచ్చారు. 21 ఏళ్ళు ఎదురుచూసిన ఊరికి దక్కింది ఒకే ఒక్క ఆట. నేనూ మీ పెద్దనాన్నా వెళ్ళాం. తొమ్మిదితో అయిపోవలసింది 18 ఇన్నింగ్స్, ఆరు గంటల పైన, చివరికి సున్నా-ఒకటితో ఓడాం. మెట్లు దిగుతుంటే ఎవ్వరూ మాట్లాడలేదు. అలాంటి ఒక్క రోజు మీద నువ్వు మీ అమ్మానాన్నల ప్రయాణమంతా పెడుతున్నావు. వాళ్ళు దిగేనాటికి మైదానానికి తాళం వేసి ఉంటే ఏం చూపిస్తావు?

ఈ మాట ఊరికే అనడం లేదు. నేను చేసిన పని ఒకటుంది. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

నేను ఈ ఊరు వచ్చింది 1995లో. పని చేసే వీసా లేదు, కారు నడపడం రాదు, పొద్దున మీ పెద్దనాన్న వెళ్తే రాత్రికే రావడం. వంటింట్లో రేడియో పెట్టుకునేదాన్ని. డేవ్ నీహౌస్ అని ఒకాయన మారినర్స్ ఆటలు చెప్పేవారు. ఆయన నోటి నుంచే నాకు ఇక్కడి ఇంగ్లీషు వచ్చింది. పప్పు పోపు పెడుతూ వింటూ వింటూ, స్ట్రైక్ అంటే ఏమిటో, బాల్ అంటే ఏమిటో తెలుసుకున్నాను. ఆ ఏడాది ఆగస్టు మొదట్లో 13 ఆటలు వెనకున్నాం. అక్టోబర్ 2న ర్యాండీ జాన్సన్ ఏంజెల్స్‌ని ఓడించి డివిజన్ తెచ్చాడు, అంటే మన గుంపులో మొదటి స్థానం. ఆ వారమే న్యూయార్క్‌తో ఆటలో, పదకొండో ఇన్నింగ్స్‌లో మన ఎడ్గార్ కొట్టిన దెబ్బకి గ్రిఫీ మొదటి బేస్ నుంచి పరిగెత్తుకుంటూ హోమ్‌కి వచ్చి పడ్డాడు. న్యూయార్క్ ఇంటికెళ్ళింది. నేను వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి ఏడ్చాను. ఈ ఊరు నాదనిపించింది ఆ రోజే.

2001 మేలో మీ తాతయ్య వచ్చారు. లెక్కల మాస్టారు కదా, బేస్‌బాల్ ఆయనకి రెండు వారాల్లో పట్టుబడింది. పొద్దున్నే పేపర్లో మన బ్యాటర్ ఇచిరో అంకెలు చూసి, రూళ్ళ నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో భాగహారం చేసేవారు. కొట్టిన హిట్లు పైన, బ్యాటింగ్ చేసిన సార్ల లెక్క కింద, మూడు దశాంశ స్థానాల దాకా. పేపర్లో జవాబు అచ్చేసి ఉన్నా తను చేసి చూసుకోవలసిందే. "ఇచ్చిరో" అని వత్తి పలికేవారు.

జూన్‌లో ఓసారి అడిగారు, "అమ్మాయ్, ఆ మైదానం ఒకసారి చూపిస్తావా?" అని. ఆ ఏడాది మనం మామూలుగా ఆడలేదు. ఆల్‌స్టార్ సెలవులనాటికి 63 గెలుపులు, 24 ఓటములు, 19 ఆటలు ముందు. నేనన్నాను కదా, "ఇప్పుడు మామూలు ఆటకి ఎందుకు నాన్నగారూ, అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్‌కే తీసుకెళ్తాను." జులైలో మళ్ళీ అడిగారు, మళ్ళీ అదే చెప్పాను. పై వరుసల్లో సీటు పెద్ద ఖరీదు కాదు. ఇంటి నుంచి అరగంట దారి. ఎందుకు తీసుకెళ్ళలేదు అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. మంచిది ఆయన కోసం దాచిపెడుతున్నానని అనుకున్నాను, అంతే.

సెప్టెంబర్ 11 తర్వాత వారం రోజులు ఆటలే లేవు. అమ్మమ్మ అక్కడ ఒక్కతే భయపడిపోయి రోజూ ఫోన్, "ఆయన్ని పంపించెయ్యవే" అని. సెప్టెంబర్ 19న మనవాళ్ళు గెలిచి డివిజన్ ఖాయం చేసుకున్నారు. సంబరాలు చేసుకోలేదు. ఒక జెండా పట్టుకుని మైదానంలో నడిచి, పిచ్చర్ దిబ్బ చుట్టూ అందరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. మా ఇంట్లో టీవీ ముందు తాతయ్య లేచి నిలబడ్డారు. ఆ రోజు మూడోసారి అడిగారు. ఆయన తిరుగు టికెట్ అక్టోబర్ 25కి ఉంది. వరల్డ్ సిరీస్ 27న మొదలు. నేను ఏం చేశానో తెలుసా చిట్టీ? ఆయన టికెట్ నవంబర్ 6కి మార్పించాను. అచ్చం నువ్వు చేస్తానంటున్నట్టే.

మొత్తం 116 గెలిచాం. అన్ని ఆటలు గెలిచిన జట్టు 1906 తర్వాత మరొకటి లేదు. వరల్డ్ సిరీస్‌కి ముందు రౌండులో న్యూయార్క్‌తో మొదటి రెండు ఆటలూ ఇక్కడే ఓడారు. ఆరో ఆట కోసం మళ్ళీ సియాటిల్ వస్తామని కోచ్ పినియెల్లా అందరి ముందూ మాట ఇచ్చారు. నేను నమ్మాను. అక్టోబర్ 22న న్యూయార్క్‌లోనే 12-3తో ఓడారు, అంతటితో అయిపోయింది.

ఆ తర్వాత రెండు వారాలు తాతయ్య మా ఇంట్లో వాన చూస్తూ కూర్చున్నారు. అక్కడ అమ్మమ్మ బెంగతో మంచం పట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళే దారిలో కారు మైదానం వైపు తిప్పమన్నాను మీ పెద్దనాన్నని. సన్నగా వాన పడుతోంది, గేట్లకి గొలుసులు వేసి ఉన్నాయి. తాతయ్య మంకీ క్యాప్, శాలువాతో దిగి, రెండు చేతులతో ఇనుప కమ్మీలు పట్టుకుని లోపలికి చూశారు. మెట్లు, మూసేసిన దుకాణాలు తప్ప ఏమీ లేవు. "ఇక్కణ్ణుంచి గడ్డి కనపడదామ్మా?" అని అడిగారు. కనపడదన్నాను. "పోనీలే, వచ్చే ఏడాది" అని కారెక్కారు.

2007లో పోయారు, మళ్ళీ రాలేదు. మారినర్స్ ఆ తర్వాత కూడా 15 ఏళ్ళ దాకా ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. ఫీలిక్స్ అంతటి పిచ్చర్ 15 సీజన్లు ఇక్కడే వేసి ఒక్క అక్టోబర్ ఆట ఆడకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు.

మొన్న సోమవారం హోమ్ రన్ డెర్బీ, ఎవరు ఎక్కువ హోమ్ రన్లు కొడతారో అన్న పోటీ, నువ్వూ చూసే ఉంటావు. క్యాల్‌కి బంతులు వేసింది వాళ్ళ నాన్న, వెనక కూర్చుని పట్టింది చిన్న తమ్ముడు. అందరూ అతను గెలిచాడని కేకలు వేస్తుంటే నేను ఆ తండ్రి చేతులే చూస్తూ కూర్చున్నాను.

కాబట్టి, తల్లీ, టికెట్లు ముట్టుకోకు. ఈపాటికే మార్చేసి ఉంటే మళ్ళీ ఆగస్టుకి తెప్పించు, ఎంత అడిగినా నేను కడతాను. మీ నాన్నగారి మోకాళ్ళు ఇప్పుడైతే ఆ మెట్లు ఎక్కుతాయి. పైగా దసరా అక్టోబర్ 2న, ఆ పండగ పూట మీ అమ్మ విమానంలో ఉండటం నాకు ఇష్టం లేదు. అక్టోబర్‌లో మనవాళ్ళు ఆడితే నువ్వూ నేనూ వెళ్దాం, గొంతు పోయేలా అరుద్దాం. ముందుగా ఎవరి దగ్గరో టికెట్లు కొంటానన్నావట, ఆటే జరగకపోతే డబ్బు తిరిగిస్తారో లేదో చదివి కొను.

వాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు లింక్ రైల్లో వచ్చి స్టేడియం స్టేషన్లో దిగండి, కారు వద్దు. ఎండగా ఉన్నా స్వెటర్లు తేవాలి. పైకప్పు వేసినా అది గొడుగు లాంటిదే, పక్కల నుంచి సముద్రపు గాలి కొడుతుంది. మూడో బేస్ వైపు కూర్చోబెట్టు. రూల్స్ అన్నీ ఒకేసారి చెప్పకు, మొదటి మూడు ఇన్నింగ్స్ ఊరికే చూడనివ్వు.

ఆగస్టు 9 శనివారం టాంపా బేతో ఆట. ఆ రోజు ఇచిరో 51 నంబర్‌ని ఇంక ఎవరూ వేసుకోకుండా గౌరవించి పైన పెడుతున్నారు. ఐదుగురికీ సీట్లు నేను చూస్తున్నాను. తాతయ్య నోట్‌బుక్ నా దగ్గరే ఉంది, మీ అమ్మకి ఎప్పుడూ చూపించలేదు. రాసిన ఆఖరి పేజీలో 242ని 692తో భాగించి .350 అని కింద రెండు గీతలు గీశారు. తర్వాత కొన్ని తెల్ల కాగితాలు మిగిలాయి. దాన్ని బ్యాగులో పెట్టుకొస్తాను, పెన్సిల్ నువ్వు తీసుకురా.

మార్పించగానే ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే, నేను మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ