సండే స్కూల్‌లో పాటలు, ఆటలేనా? కడపలో 14 ఏళ్లు పిల్లలకి చెప్పిన అనుభవంతో నా జవాబు

మీ ప్రశ్న పొద్దున చూశాను, అప్పట్నించీ అదే మనసులో తిరుగుతా ఉంది. బాబుకి 8 ఏళ్లు, బెంగళూరు నుంచి ఈమధ్యే కడపకి వచ్చేశారు, చదివేది ఇంగ్లీష్ మీడియం, అత్తమ్మ ఏమో ఆదివారం చర్చిలో సండే స్కూల్‌కి పంపమంటారు, మీకేమో అదే టైంలో అబాకస్ క్లాసులో చేర్పిద్దామని ఉంది, సండే స్కూల్‌లో పాటలు ఆటలు తప్ప నేర్చుకునేది ఏముంటుంది, ఎండాకాలం పెట్టే వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) కూడా అంతేనా, ఇదే కదా మీరు అడిగింది. నేను కడపలో ఒక చిన్న చర్చి సంఘంలో 14 ఏళ్లుగా సండే స్కూల్ టీచర్‌ని, చిన్నప్పుడు ముద్దనూరు పక్క పల్లెలో నేను కూడా అట్లాంటి క్లాసులోనే చాప మీద కూర్చుని నేర్చుకున్నదాన్ని, కాబట్టి నేను చూసింది చెప్తాను.

ముందు ఒక మాట. మీ బాబుకి తెలుగు చదవడం వచ్చా? మాట్లాడటం కాదు, చదవడం. ఎందుకడుగుతున్నానంటే నా క్లాసుకి వచ్చే పిల్లల్లో సగం మందికి పైగా తెలుగు గడగడా మాట్లాడతారు, పుస్తకం చేతికిస్తే మాత్రం తల దించుకుంటారు. వాళ్ల తప్పు కాదు అది. స్కూల్లో వారానికి రెండు మూడు పీరియడ్లు తెలుగు ఉంటే అందులో కూడా పరీక్షకి కావాల్సినంతే, ఇంట్లో అమ్మానాన్నలు కూడా వాట్సాప్‌లో తెలుగు మాటల్ని ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొడతారు. ఇంగ పిల్లోడు తెలుగు గట్టిగా చదవాల్సిన అవసరం ఎక్కడ పడుతుంది? మా పిల్లలకి పడే ఒకే ఒక్క చోటు ఆదివారం చర్చి. అక్కడ బైబిల్ తెలుగులో ఉంటుంది, పాటల పుస్తకం తెలుగులో ఉంటుంది, కంఠత వాక్యం, అంటే బైబిల్ నుంచి నోటికి నేర్చుకునే మాట, తెలుగులో చెప్పాలి.

నిజానికి సండే స్కూల్ అనేది పుట్టిందే చదువు కోసం. ఇంగ్లాండులో గ్లాస్టర్ అనే ఊర్లో రాబర్ట్ రైక్స్ అని ఒక పత్రిక నడిపే ఆయన, గుండుసూదులు తయారుచేసే చోట వారంలో ఆరు రోజులు పనిచేసి ఆదివారం వీధుల్లో పడి తిరిగే పిల్లల్ని చూసి 1780లో వాళ్లకి ఆదివారం పూట అక్షరాలు నేర్పించడం మొదలుపెట్టాడు, జీతమిచ్చి టీచర్లని పెట్టి మరీ. ఆ పిల్లలకి బడి అంటే ఆ ఒక్క రోజే. వీబీఎస్ కూడా అట్లాంటిదే, 1898లో న్యూయార్క్‌లో ఎలైజా హాస్ అనే ఆమె ఎండాకాలం సెలవుల్లో వీధుల్లో తిరిగే పిల్లల కోసం ఒక బీరు దుకాణం హాలు అద్దెకి తీసుకుని మొదలుపెట్టింది. నేను టీచరయిన కొత్తలో ఒక ట్రైనింగ్‌లో ఈ సంగతి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే మా నాయన కూడా బడికి పోయింది రెండో తరగతి వరకే, మిగతా చదువంతా ఆదివారం చర్చిలో ఒక పెద్దాయన పలక మీద దిద్దించిందే. అయ్యగారు (పాస్టర్) వాక్యం చదవమన్నప్పుడు మా నాయన లేచి నిలబడి చదివేవాడు, మా అమ్మ ఆ రోజంతా అదే చెప్పుకునేది.

మా క్లాసు ఎట్లా జరుగుతుందో చెప్తాను. ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి మొదలు, పెద్దవాళ్ల ఆరాధనకి ముందే అయిపోతుంది. బిగినర్స్, ప్రైమరీ, జూనియర్, సీనియర్ అని నాలుగు గుంపులు. మాకు నాలుగు గదులు లేవు, ఒక గుంపు వేపచెట్టు కింద, ఒకటి వరండాలో. యాక్షన్ సాంగ్స్, ప్రార్థన, కథ, వాక్యం, చివర్లో పిల్లల కానుక. బైబిల్లో 66 పుస్తకాల పేర్లు పాటగా చెప్పిస్తాం, ఆరేళ్ల పిల్ల కూడా రెండు నెలల్లో ఆదికాండం నుంచి ప్రకటన వరకు ఊపిరి తిప్పుకోకుండా చెప్పేస్తుంది. కంఠత వాక్యం ఎవరికి వాళ్లు ఎంచుకోమంటే కొత్తగా వచ్చిన ప్రతి మగపిల్లోడూ యోహాను 11:35 చెప్తాడు, "యేసు కన్నీళ్లు విడిచెను", మూడే మాటలు కదా. నేను వద్దనను. ఎందుకు ఏడ్చాడో వచ్చే వారం కనుక్కుని రా అంటాను, దాంతో ఆ అధ్యాయం మొత్తం ఎవరితోనో ఒకరితో చదివించుకుని వస్తాడు.

కానీ అసలు విషయం బైబిల్లో 23వ కీర్తన దగ్గర జరిగింది, అది వివరంగా చెప్పాలి. ఆరే వచనాలు, దేవుణ్ణి గొర్రెల కాపరిగా చెప్పే పాట, ప్రతి సంవత్సరం నేర్పిస్తాం. ఒకసారి వీబీఎస్‌లో జూనియర్ పిల్లలకి చదివిస్తా ఉంటే ఒక ఇంగ్లీష్ మీడియం పాప "దుడ్డుకఱ్ఱ" దగ్గర ఆగిపోయింది. ఆ ఱ ఏంది టీచరక్కా, మా వర్ణమాలలో లేదు అంది. అది పాతకాలం ర, దాన్ని బండి ర అంటారు అని చెప్తున్నా, ఇంతలో వెనకాల కూర్చున్న ఒక పిల్లోడు, గవర్నమెంట్ బడిలో ఆరు చదివేవాడు, వాళ్లింట్లో గొర్రెలు ఉన్నాయి, ఎప్పుడూ నోరు తెరవని పిల్లోడు, "మా జేజినాయన దగ్గర ఉంది అక్కా దుడ్డుకర్ర" అన్నాడు. జేజినాయన అంటే మా వైపు తాత. ముందుకొచ్చి చెప్పరా అన్నాను. ఇంగ వాడు చెప్పింది నేను ఏ ట్రైనింగ్‌లోనూ వినలేదు. గొర్రె కడుపు నిండితేనే పండుకుంటుంది అంట, ఆకలిగా ఉంటే నిలబడే ఉంటుంది, నడుస్తానే ఉంటుంది, అందుకే పచ్చిక గల చోట్ల పండబెట్టినాడు అంటే బాగా మేపినాడు అని అర్థం అన్నాడు. శాంతికరమైన జలములు అంటే కూడా చెప్పాడు, కేసీ (కర్నూలు-కడప) కెనాల్‌లో నీళ్లు జోరుగా పోతాంటే గొర్రెలు బెదిరి దిగవు, జేజినాయన వాటిని పక్కన నీళ్లు కదలకుండా నిలబడ్డ కుంట దగ్గరికి తోలుకుని పోతాడు అని. ఎండాకాలం మా వైపు గడ్డి ఎక్కడుంటుంది చెప్పండి, మందని తోలుకుని కాలవ కింద ఊర్లకి పోతారు, కోతలయిన చేన్లల్లో రైతులు ఎరువు కోసం రాత్రిళ్లు మంద కట్టించుకుంటారు, వాడు రెండు ఎండాకాలాలు వాళ్ల జేజినాయనతో అట్లా తిరిగొచ్చాడు. నలభై మంది పిల్లలు, నలుగురు టీచర్లు అలికిడి లేకుండా విన్నాం. పదేళ్లు నేను ఆ కీర్తన నేర్పించాను, "పరుండజేయుచున్నాడు" అనే మాటకి అర్థం మాత్రం నాకు ఆ రోజే తెలిసింది.

ఆ రోజు తర్వాత ఆ పాపకి ఆ పిల్లోడు తెలుగు గుణింతాలు నేర్పించడం మొదలుపెట్టాడు, ఆ పాప వాడికి ఇంగ్లీష్ రీడర్ చదివి పెట్టేది, వీబీఎస్ అయ్యేలోపు ఇద్దరూ ఒకే బెంచీ. ఇది నేను చేసింది కాదు. కాన్వెంట్ పిల్లలు, గవర్నమెంట్ బడి పిల్లలు, ఆటో నడిపేవాళ్ల పిల్లలు, రిమ్స్ ఆస్పత్రి‌లో నర్సుల పిల్లలు ఒకే చాప మీద కూర్చునే చోటు ఈ ఊర్లో ఇంకెన్ని ఉన్నాయో మీరే ఆలోచించండి. అబాకస్ క్లాసులో ఫీజు కట్టగలిగిన పిల్లలే ఉంటారు.

అప్పటినుంచి మేము ఇంకోటి పెట్టుకున్నాం. నెలకి ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, ప్రతి పిల్లా ఒక పెద్దావిడ దగ్గరో పెద్దాయన దగ్గరో కూర్చుని ఒక కీర్తన గట్టిగా చదివి వినిపించాలి. మొదట్లో పిల్లలు గొణుక్కున్నారు, తల్లులు కూడా వంట టైం అవుతుందని విసుక్కున్నారు, నిజమే. మా సంఘంలో ఒక అవ్వ ఉండేది, అక్షరం ముక్క రాదు, సంతకానికి వేలిముద్రే, కానీ 60 ఏళ్లుగా విని విని కీర్తనలు నోటికి వచ్చేశాయి. ఒక పిల్లోడు ఆమెకి 121వ కీర్తన చదువుతా ఒక మాట మింగేశాడు. "అది కాదు నాయనా, ఇంగోసారి చూడు" అంది కండ్లు మూసుకునే. వాడు బిత్తరపోయాడు. చదవడం రాని అవ్వ నా తప్పెట్లా పట్టుకుందక్కా అని వారమంతా అడుగుతానే ఉన్నాడు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే ప్రతి ఆదివారం ఆమె పక్కనే కూర్చునేవాడు. అవ్వ పోయిన రోజు ఇంటి దగ్గర కీర్తన చదివింది కూడా వాడే, అప్పటికి తొమ్మిదో తరగతి, ఎక్కడా తడబడలేదు.

ఇవన్నీ మంచి సంగతులు. చెడ్డది కూడా చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టు అవుతుంది. చాలా ఏళ్ల కింద పిల్లల్ని వేరే చోట జరిగిన వాక్యాల పోటీకి తీసుకుపోయాం. మా క్లాసు పాప ఒకతి స్టేజీ ఎక్కి మూడో వచనం దగ్గర మర్చిపోయింది. అక్కడ నడిపిస్తున్న పెద్దమనిషి మైకులోనే "ఇంట్లో టీవీ చూస్తా కూర్చున్నావా" అన్నాడు, జనం నవ్వారు. ఆ పాప తర్వాత సండే స్కూల్‌కి రానేలేదు, నేను వాళ్లింటికి మూడుసార్లు పోయినా రాలేదు. నేను ఆ రోజు స్టేజీ పక్కనే నిలబడి ఉన్నాను, పైకి పోయి ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని ఉండాల్సింది, పోలేదు. ఇప్పటికీ అది నన్ను వదల్లేదు. అప్పటినుంచి మా దగ్గర పిల్లలు వాక్యం మర్చిపోతే టీచర్ పక్కనుండి మెల్లగా అందిస్తుంది, నాటకంలో అందించినట్టు, మార్కులు తగ్గించం. ఫస్ట్ ప్రైజు, సెకండ్ ప్రైజు తీసేశాం, అందరికీ ఒకటే, ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను.

కాబట్టి మీరు పంపే ముందు ఒక ఆదివారం మీరే పోయి వెనక బెంచీలో కూర్చుని చూడండి. టీచర్ పిల్లల్ని నరకం పేరు చెప్పి భయపెడుతుంటే వద్దు, 8 ఏళ్ల బిడ్డకి రాత్రి నిద్ర పట్టకుండా చేసే కథ నాకు అస్సలు ఇష్టం లేదు. ఒక గదిలో కనీసం ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నారా, మరుగుదొడ్డికి చిన్నపిల్లల్ని ఎవరు తీసుకుపోతారు, ఇంటికి ఎవరితో పంపుతారో పేరు రాసుకుంటారా, ఇవి అడగండి, మొహమాట పడొద్దు. మంచి సంఘమైతే సంతోషంగా చెప్తారు. చుట్టుపక్కల వేరే మతం పిల్లలు కూడా పాటలు విని వస్తుంటారు, వాళ్ల అమ్మానాన్నల్ని అడిగి, సరే అంటేనే కూర్చోబెట్టుకుంటారా లేదా అన్నది కూడా ఆ సంఘం ఎట్లాంటిదో చెప్తుంది. మేము అడగకుండా ఎవర్నీ తీసుకోము.

వీబీఎస్ సంగతి. మాది మే నెలలో 10 రోజులు, పొద్దున 8 నుంచి పదకొండున్నర దాకా, ఆ తర్వాత కడప ఎండలో పిల్లల్ని బయట ఉంచలేం. పుస్తకానికి, బ్యాడ్జీకి కలిపి 50 రూపాయలు, ఇవ్వలేనోళ్లని అడగం. మధ్యలో నన్నారి షర్బత్, బొరుగులు, ఒక్కోరోజు చెనిక్కాయ ఉండలు, సంఘంలో ఆడవాళ్లు వంతులేసుకుని చేస్తారు. ఆఖరి రోజు సాయంత్రం పెద్దవాళ్ల ముందు ప్రోగ్రాం. ఒకసారి సీనియర్ పిల్లల్ని ఎర్రముక్కపల్లెలో సీపీ బ్రౌన్ లైబ్రరీకి తీసుకుపోయాం. 1820లో ఉద్యోగానికి కడపకి వచ్చిన తెల్లదొర మన భాష నేర్చుకుని, వేమన పద్యాలు సేకరించి అచ్చేయించాడు, ఆయన పండితుల్ని పెట్టి తాటాకు పుస్తకాలకి నకళ్లు రాయించిన చోటు ఇది అని చెప్తే ఒక పిల్ల "ఆయనకి ఎవరు నేర్పించినారక్కా అఆఇఈ?" అని అడిగింది. తర్వాత వారమంతా తెలుగు చదవడం రాని పిల్లలకి సిగ్గు కాస్త పోయింది, పెద్దయ్యాక కూడా నేర్చుకోవచ్చు అని అర్థమయ్యింది వాళ్లకి.

అబాకస్ శనివారం సాయంత్రం బ్యాచ్ కూడా ఉండొచ్చు, కనుక్కోండి, ఆదివారం పొద్దునే కావాలని లేదు. రెండూ కుదరకపోతే నేనైతే సండే స్కూల్‌కే పంపుతాను, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. పంపేటప్పుడు పెద్దక్షరాల తెలుగు బైబిల్ ఒకటి కొనివ్వండి, ఫోన్లో యాప్ వద్దు. టీచర్లు కొంతమంది వాక్యాన్ని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసిస్తారు, నేను కూడా రెండేళ్లు అట్లా రాసిచ్చాను, పిల్లలు వాక్యం చెప్పారు కానీ ఒక్క అక్షరం కూడా నేర్చుకోలేదు, అది మానేయమని టీచర్ని మర్యాదగా అడగండి. రోజుకి ఒక్క వచనం వేలు పెట్టి చదివితే చాలు, తప్పులొస్తే రానివ్వండి. అత్తమ్మకి వినిపించమనండి, ఆమె ఎట్లాగూ ఆదివారం కోసం ఎదురుచూస్తున్నారు కదా, వాడికి మొదటి టీచర్ ఆమెనే కానివ్వండి. మొదలుపెట్టడానికి 117వ కీర్తన ఇవ్వండి, రెండే వచనాలు.